చెరువు లాంటిదే సాఫ్ట్‌వేర్ కూడా
(సంఘం శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



రైతు సంఘానికి సాఫ్ట్‌వేర్‌తో ఏం పని అని కొందరు అడిగారు. పట్టా వివరాలు, పంట నమోదు, బీమా, ధాన్యం డబ్బులు అన్నీ ఇవాళ కంప్యూటర్ దాటే మన చేతికి వస్తున్నాయి. పేరు గల్లంతైన రైతులతో కలిసి మేం ఆఫీసుకు వెళ్లిన ప్రతిసారీ ఒకటే జవాబు: "సిస్టమ్ తీసుకోవడం లేదండీ." ఎందుకు తీసుకోదో చెప్పినవారు లేరు.

ప్రోగ్రాం అంటే ఎవరో మనిషి రాసిన నిబంధనల వరుస. ఆ రాతే సోర్స్ కోడ్. దాన్ని ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, పంచుకోవచ్చు అని లైసెన్సులోనే రాసిస్తే అది ఓపెన్ సోర్స్. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ అలా వేలమంది చేతుల్లో పెరిగింది. మన జేబుల్లోని ఆండ్రాయిడ్ ఫోన్లకు పునాది అదే. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు నేర్చేదీ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే.

ఈ పద్ధతి మనకు కొత్త కాదు. మంచి వెన్ను ఏరి విత్తనం దాచాం, ఇరుగుపొరుగుకు ఇచ్చాం. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం, బ్రాండు పేరుతో అమ్మకం మినహా, ఆ హక్కును గుర్తించింది. అమెరికాలో కొందరు విత్తన శాస్త్రవేత్తలు సాఫ్ట్‌వేర్‌ను చూసి 2014లో ఓపెన్ సోర్స్ విత్తనాలు విడుదల చేశారు.

అయితే ఊరి చెరువు అందరిదే అయినా పూడిక తీసేవాళ్లు కావాలి. లాగ్‌ఫోర్‌జే అనే ఉమ్మడి ప్రోగ్రాంను కొద్దిమంది స్వచ్ఛందంగా చూసుకునేవారు. 2021 డిసెంబరులో అందులో లోపం బయటపడితే పెద్ద పెద్ద కంపెనీలే గాభరాపడ్డాయి. నీళ్లు వాడుకున్నవారు పారపట్టలేదు.

ఇంకొక్క మాట. ఆఫీసులో లినక్స్ పెట్టినంత మాత్రాన మనకు న్యాయం జరగదు. మన పేరు కొట్టేసే నిబంధన బయటపడాలి. ప్రభుత్వ సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ సోర్స్‌కు ప్రాధాన్యమిస్తామని కేంద్రం 2015లోనే విధానం ప్రకటించింది. కాబట్టి మనం మూడు డిమాండ్లు పెడదాం. రైతు పథకాల సాఫ్ట్‌వేర్ కోడ్‌ను, నిబంధనలను బహిరంగపరచాలి. దరఖాస్తు తిరస్కరిస్తే కారణం తెలుగులో రాసివ్వాలి. రైతు అనుమతి లేకుండా అతని వివరాలు ఏ కంపెనీకీ ఇవ్వకూడదు.

కోడ్ అందరికీ తెరవాలి, రైతు వివరాలు రైతు గుప్పిట్లో ఉండాలి. వచ్చే గ్రామసభలో ఈ మూడింటినీ తీర్మానంగా పెట్టించే బాధ్యత మనందరిదీ.