సెంబేన్ రాత్రిబడి

ఆఫ్రికా సినిమా గురించి మాట్లాడమంటే యాభై పైచిలుకు దేశాల గురించి మాట్లాడమన్నట్టే. ఒక సాయంత్రంలో తెమిలే పని కాదు. అందుకని నేను ముఖ్యంగా సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబేన్ దగ్గరే ఆగుతాను.

ఫ్రాన్సు తన ఆఫ్రికా వలసల్లో ఎవరు సినిమా తీయాలన్నా సర్కారు అనుమతి ఉండాలని 1934లో ఉత్తర్వు తెచ్చింది. దాంతో ఆఫ్రికన్ల చేతికి కెమెరా అందకుండా పోయింది. 1955లో పౌలిన్ వియెరా అనే ఆఫ్రికన్ దర్శకుడు, ఆయన మిత్రులు తమ సినిమాను పారిస్ వీధుల్లో తీసుకోవలసి వచ్చింది. పరాయివాళ్లు అన్నేళ్లు మనల్ని అడవి మనుషులుగా చూపిస్తే, కెమెరా దొరికిన రోజున మన గొప్పలు చెప్పుకోవాలనిపించడం సహజం. సెంబేన్ ఆ పని పెట్టుకోలేదు. ఆయన తగువు ఇంట్లోవాళ్లతో.

ఆయన జాలరి కొడుకు. మార్సెయ్ రేవులో మూటలు మోశారు, ఫ్రెంచిలో నవలలు రాశారు. ఆ నవలలు తనవాళ్లు చదవలేరని గ్రహించి, నలభయ్యో పడి దగ్గర పడుతుండగా మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్నారు. సినిమాను రాత్రిబడి అనేవారు. 1963లో తీసిన ‘బోరోమ్ సారెట్’ సెనెగల్ రాజధాని డకార్‌లో బండి తోలుకునే ఒక పేదవాడి రోజు. వంశస్తుతి పాడేవాడొకడు అతని తాతముత్తాతలను పొగడగానే చేతిలో ఉన్న డబ్బంతా ఇచ్చేస్తాడు. తర్వాత పోలీసు బండే లాక్కుంటాడు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ దోచారో మనమే తేల్చుకోవాలి.

మనియార్డరు కోసం ఎదురుచూసిన తరం ఈ సభలో ఉంది గనుక 1968 నాటి ‘మండాబి’ గురించి కాస్త వివరంగా చెబుతాను. ఇబ్రాహిమా జెంగ్‌కు ఇద్దరు భార్యలు, ఏడుగురు పిల్లలు, పని మాత్రం లేదు. పారిస్‌లో వీధులూడ్చే మేనల్లుడు 25,000 ఫ్రాంకులు పంపాడు. అందులో 20,000 దాచిపెట్టాలి, 3,000 వాళ్లమ్మకు, మామయ్యకు దక్కేది 2,000. డబ్బు చేతికందక ముందే ఇంట్లోకి బియ్యం అప్పు మీద వచ్చేస్తుంది, ఇరుగుపొరుగు చేయి చాస్తారు. పోస్టాఫీసులో గుర్తింపు కార్డు అడుగుతారు. కార్డుకు జనన ధ్రువపత్రం కావాలి, దానికి పుట్టిన తేదీ కావాలి. ఆయన పుట్టినరోజు ఎవరు రాసిపెట్టారు గనుక! చివరికి చదువుకున్న బంధువొకడు పని చేసిపెడతానని కాగితం రాయించుకుని, సొమ్ము తాను మింగి, జేబుదొంగ కొట్టేశాడంటాడు.

జెంగ్ కూడా ఏమంత సాధువు కాదు. గుమాస్తాల ముందు గొంతు పెగలని మనిషి ఇంట్లో భార్యల మీద పెత్తనం చేస్తాడు. సెంబేన్ అతన్ని చూసి జాలిపడతారు, నవ్వుతారు కూడా. నిబంధనలు ఫ్రెంచివాళ్లు వదిలిపోయినవే. కుర్చీల్లో ఉన్నది మాత్రం సెనెగల్ మనుషులు. 1960లో స్వతంత్రం వచ్చిన దేశానికి ఎనిమిదేళ్లకే ఈ మాట చెప్పడానికి గుండె కావాలి.

ఎనభై దాటాక 2004లో తీసిన ‘మూలాదే’ ఆయన సినిమాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆడపిల్లల జననాంగాలను కోసే ఆచారం నుంచి పారిపోయి వచ్చిన నలుగురు పిల్లలకు కోల్లే అనే ఇల్లాలు శరణు ఇస్తుంది. వాకిలికి అడ్డంగా ఒక రంగుల తాడు కడుతుంది. ఆ తాడు దాటడానికి ఊరి పెద్దలకూ ధైర్యం చాలదు, ఎందుకంటే శరణు కూడా ఆ ఊరి పాత కట్టుబాటే. ఊరికి బుద్ధి చెప్పడానికి సెంబేన్ పట్నం నుంచి ఎవరినీ దింపలేదు. ఈ ఎదురుతిరుగుడు రేడియోల వల్లే వచ్చిందని ఉక్రోషం పట్టలేక మగవాళ్లు ఆడవాళ్ల రేడియోలన్నీ లాక్కుని మసీదు ముందు తగలబెడతారు.

అందరూ ఇలా పాఠం చెప్పలేదు. ‘టుకి బుకి’ (1973) తీసిన జిబ్రిల్ జోప్ మంబేతీకి బోధన మీద గురి లేదు, పారిస్ పిచ్చి పట్టిన ఒక జంటను ఎద్దుకొమ్ముల మోటార్‌సైకిల్ ఎక్కించి వదిలేశాడు.

అసలు చిక్కు డబ్బుది. ‘మండాబి’కీ ఫ్రెంచి సొమ్మే. అందుకే సెనెగల్ భాష వోలోఫ్‌లో ఒకసారి, ఫ్రెంచిలో ఒకసారి తీయవలసి వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో డకార్‌లో హాళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. ఈ డబ్బు చిక్కుకు మరో దారి నైజీరియాలో కనిపించింది. 1992లో అక్కడ ‘లివింగ్ ఇన్ బాండేజ్’ వచ్చింది. ఇగ్బో భాషలో వీడియో మీద తీసి, క్యాసెట్లుగా బజారులో అమ్మారు. డబ్బు కోసం భార్యను బలి ఇచ్చినవాడి కథ. ఆ తరహా సినిమాల మీద నాకు పెద్ద మోజు లేదు, కేకలూ క్షుద్రపూజలూ ఎక్కువ. అయినా అవి ఏ చిత్రోత్సవం కోసమూ తీసినవి కావు, ఏ పరాయి గ్రాంటూ అడగలేదు. తమవాళ్ల దురాశను తమవాళ్లకే అమ్మి, ఆ డబ్బుతోనే మరో సినిమా తీశారు. సెంబేన్ కోరుకున్నటువంటి ప్రేక్షకులు చివరికి అక్కడ చేరారు.