గోల్ ముందు ఎవరికి కనిపించింది?

ఈనాటి పాఠాన్ని ఒక ఫుట్‌బాల్ ఆటతో మొదలుపెడదాం.

గుజరాత్‌లో సూరత్ నుండి భరూచ్ వెళ్ళే రైలు మార్గంలో కిమ్ అనే ఊరు ఉంది. సూరత్ ప్రాంతానికి నేత పని కోసం వలస వెళ్ళిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. ఇప్పుడు కిమ్‌లో ఒక వీధిని ఊహించుకోండి. శనివారం రాత్రి, ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆట జరుగుతోంది. మొదటి ఇంట్లో కేబుల్ టీవీ ఉంది. రెండో ఇంటి డాబా మీద చిన్న డిష్ ఉంది. మూడో ఇంట్లో ఒక కుర్రవాడు సెల్‌ఫోన్‌లో చూస్తున్నాడు. మొదటి ఇంట్లో 'గోల్!' అని కేక వినిపించింది. ఫోన్‌లో మాత్రం బంతి ఇంకా మైదానం మధ్యలోనే ఉంది. మూడు తెరల మీదా 'లైవ్' అనే రాసి ఉంది. మరి ఏది నిజమైన లైవ్?

ఏదీ కాదు. ఎందుకో చూద్దాం.

ప్రసార ఉపగ్రహం భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. అందుకే మన డిష్‌లన్నీ దక్షిణం వైపు తిరిగి ఉంటాయి. సంకేతం పైకి వెళ్ళి కిందికి రావాలంటే 72,000 కిలోమీటర్లు ప్రయాణించాలి. రేడియో తరంగాల వేగం సెకనుకు 3,00,000 కిలోమీటర్లు. భాగించి చూడండి: 0.24 సెకను వస్తుంది. అంటే పావు సెకను కూడా కాదు! ఆలస్యానికి అసలు కారణం దూరం కాదన్నమాట. బొమ్మను కుదించడం, గుప్తంగా మార్చడం, మళ్ళీ విప్పడం అనే పనులకే కొన్ని సెకన్లు పడుతుంది.

ఫోన్ సంగతి వేరు. ఇంటర్నెట్‌లో ఆటను కొన్ని సెకన్ల నిడివిగల ముక్కలుగా కోసి పంపుతారు. మధ్యలో ఆగిపోకుండా ఫోన్ రెండు మూడు ముక్కలను ముందుగా దాచుకొని, తరువాత చూపుతుంది. అందువల్ల ఇరవై, ముప్పై సెకన్ల ఆలస్యం మామూలే.

అయితే కేబుల్, డిష్ ఇళ్ళదే ఎప్పుడూ పైచేయి అనుకోకండి. సీజన్ మొదలయ్యేది ఆగస్టులో. దక్షిణ గుజరాత్‌లో అది వానల కాలం. చిన్న డిష్ అందుకునే తరంగాల పొడవు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. జోరువాన చినుకులు వాటిని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. తెర మీద 'సిగ్నల్ లేదు' అని వస్తుంది. కేబుల్ ఆపరేటరు పెద్ద డిష్ అందుకునే తరంగాలు దాదాపు మూడు రెట్లు పొడవైనవి కాబట్టి అంతగా దెబ్బతినవు.

సంకేతం దారి తెలిసింది. ఇక హక్కుల దారి చూద్దాం. ఆటను ఎవరు చూపాలన్నది డబ్బుతో ముడిపడిన విషయం. మన దేశంలో ఈఎస్‌పీఎన్, స్టార్ కలిసి నడిపిన ఛానెళ్ళు 2013లో స్టార్ స్పోర్ట్స్ పేరు కిందికి వచ్చాయి. 2024 నవంబరులో స్టార్, వయాకామ్ 18 విలీనమయ్యాయి. 2025 ఫిబ్రవరిలో జియోహాట్‌స్టార్ వచ్చింది. ఇంగ్లండ్‌లోనూ ఇలాంటి మార్పులే. 2007లో కొన్ని ఆటలు దక్కించుకున్న సెటాంటా 2009లో అక్కడ మూతపడింది. 2019లో వచ్చిన అమెజాన్ 2025లో తప్పుకుంది. ఛానెల్ మారినప్పుడల్లా అభిమాని కొత్త చందా కట్టవలసి వస్తుంది.

ఇక్కడ ఒక వింత గమనించండి. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2.45 నుండి 5.15 వరకు ఏ ఫుట్‌బాల్ ఆటనూ టీవీలో ప్రత్యక్షంగా చూపరు. చిన్న క్లబ్బుల మైదానాలకు జనం రావడం మానేయకూడదని 1960లలో పెట్టుకున్న నియమం అది. చలికాలంలో అక్కడ మూడు గంటలైతే మనకు రాత్రి 8.30. మాంచెస్టర్‌లోని అభిమాని ఇంట్లో కూర్చుని చూడలేని ఆటను కిమ్‌లోని కుర్రవాడు చూడగలడు!

మరి ఈ సెకన్ల లెక్క మనకెందుకు? ఒక కారణం చెబుతాను. 'తరువాతి గోల్ ఎవరిది?' అని ఆట నడుస్తుండగానే పందెం కాయమని ఫోన్‌లో ఊరించేవారుంటారు. మీరు చూస్తున్నది అర నిమిషం కిందటి ఆట. మైదానం పక్కన కూర్చున్నవాడికి, ముందుగా సంకేతం అందినవాడికి జవాబు అప్పటికే తెలుసు. జరిగిపోయినదాని మీద, జరగబోతోందనుకొని మీరు డబ్బు పెడుతున్నారు. 2025లో మన పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. చట్టం సంగతి అలా ఉంచినా, మీరు చేసిన ఈ చిన్న భాగహారం చాలు, ఆ ఊరింపుకు లొంగకుండా ఉండటానికి.

ఇంటి దగ్గర ఒక ప్రయోగం చేయండి. ఒకే ఆటను టీవీలోనూ ఫోన్‌లోనూ పెట్టండి. బంతిని తన్నిన ఒక క్షణాన్ని గుర్తుపెట్టుకొని, రెంటికీ మధ్య తేడాను గడియారంతో కొలవండి. పదిసార్లు కొలిచి సగటు తీయండి. వాన రోజున మళ్ళీ చూడండి. మీ పట్టికను తరగతిలో స్నేహితుల పట్టికలతో పోల్చండి.

ఇకమీదట పక్కింటి వాళ్ళు ముందుగా కేక వేస్తే విసుక్కోకండి. వారు భవిష్యత్తును చూడటం లేదు. మీరే కాస్త గతంలో ఉన్నారు. సెలవు.