చలి కోసం ఊరు మారాలా?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



బెజవాడ ఎండలకు భయపడి ఊరు విడిచిపోతామన్నవాళ్ళను మనమందరం చూసినవాళ్ళమే. రోహిణీకార్తె రాగానే ప్రతి ఇంట్లోనూ ఆ మాట ఒకసారి వస్తుంది. తొలకరి పడగానే ఎవరి మాట వాళ్ళే మరిచిపోతారు. ఈ ఊరిని బ్లేజువాడ అని వేళాకోళం చేసినవాళ్ళు కూడా చివరకు ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. కాని ఈ మధ్య ఒక కొత్త మాట వినబడుతోంది. వేసవిని చూసి కాదు, చలికాలాన్ని చూసి ఊరు మారాలనుకునేవాళ్ళు బయలుదేరారు. చలికి తట్టుకోలేక అనుకునేరు, చలి లేకనండీ!

బెంజ్ సర్కిల్ దగ్గర మేముండే అపార్టుమెంటులోనే ఒక వృద్ధ దంపతులు సంక్రాంతి వెళ్ళగానే ఫ్లాటు అమ్మకానికి పెట్టి, బెంగుళూరులో కొడుకు దగ్గరకు వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆవిడ అన్న మాట ఇది: "మే నెలలో చెమట పట్టిందంటే అర్థం ఉందమ్మా. పుష్యమాసంలో కూడా ఫాను కిందే పడుకోవలసివస్తే ఇంక ఈ శరీరానికి విశ్రాంతి ఎప్పుడు?" ఆ ప్రశ్న మా ఇంట్లోకీ వచ్చి కూర్చుంది. మా అత్తయ్యగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. రాత్రిళ్ళు నిద్ర పట్టక లేచి కూర్చుంటారు. "మనం కూడా ఈ ఫ్లాటు అమ్మేసి ఏదైనా చల్లని ఊరికి పోదామా?" అంటారు మావారు. అమ్మడం ఒక పూట పని. మళ్ళీ కొనుక్కోవడం మనవంటివాళ్ళ తరమా? కనుక ఈ విషయాన్ని కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

ముందు, చలి నిజంగా తగ్గిందా అన్నది తేల్చుకోవాలి. చిన్నప్పటి జామకాయ తీపి ఎక్కువ, చిన్నప్పటి చలీ ఎక్కువే. జ్ఞాపకాన్ని నమ్ముకుంటే లాభం లేదు. అందుకని వంటింటిని అడుగుదాం. అక్కడ అబద్ధం చెప్పని ధర్మామీటర్లు ఉన్నాయి. మొదటిది కొబ్బరినూనె సీసా. ఇంచుమించు 24 డిగ్రీలకు దిగితే అది పేరుకుంటుంది. వెనక డిసెంబరు, జనవరి నెలల్లో తలంటు పోసుకోవాలంటే సీసాను ఎండలో పెట్టి కరిగించుకోవలసి వచ్చేది. రెండోది పెరుగు. చలికాలంలో చేమిరి కాస్త ఎక్కువ వేసి, గిన్నెకు గుడ్డ చుట్టి, పొయ్యి పక్కన పెడితేగాని తెల్లారేసరికి తోడుకునేది కాదు. మూడోది దోసెల పిండి. ఇప్పుడో? ధనుర్మాసంలో కూడా రాత్రి రుబ్బిన పిండి పొద్దున్నకి గిన్నె అంచు దాటుతోంది. పెరుగు మధ్యాహ్నానికే పులుస్తోంది. కొబ్బరినూనె ఏ నాలుగు రోజులో తెల్లబడి, మళ్ళీ నీరవుతోంది.

అయితే మధ్యమధ్య ఒక్కొక్క ఏడు చలి గట్టిగానే పడుతుంది. గన్నవరంలో పొగమంచు వల్ల విమానాలు ఆలస్యమయ్యే రోజులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ నాలుగు రోజులు చూసి "చలి ఎక్కడికి పోయిందమ్మా, ఇక్కడే ఉందిగా!" అనడం కూడా సరికాదు. ఒక రోజు ఖర్చు చూసి సంసారం ఎలా నడుస్తోందో చెప్పగలమా? ఏళ్ళ తరబడి పద్దు చూడాలి. ఆ పద్దు వాతావరణ శాఖవారి దగ్గర 1901 నుంచీ ఉంది. దాని ప్రకారం అప్పటినుంచి 2024 వరకు దేశంలో అన్నిటికన్నా వేడి సంవత్సరం 2024. 1991 నుంచి 2020 వరకు ఉన్న సగటు కన్నా 0.65 డిగ్రీలు ఎక్కువ. ఆ ఏటి అక్టోబరు, అంతకుముందు వచ్చిన అన్ని అక్టోబర్లనూ మించింది. ఆ వెనకనే వచ్చిన 2025 ఫిబ్రవరి, అంతకుముందరి అన్ని ఫిబ్రవరులనూ మించింది. అంటే చలికాలం రావడం ఆలస్యం, పోవడం తొందర. రెండు వైపులా కత్తిరించిన గుడ్డలాగా నడుమ మిగిలిందే చలికాలం. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని పెద్దలు చెప్పేవారు. ఇప్పుడు శివరాత్రిదాకా కూడా ఆగడం లేదు.

దీనికి కారణం ఏమిటి? భూమి పగలంతా ఎండ కాచుకుని, రాత్రి ఆ వేడిని ఆకాశంలోకి వదిలిపెడుతుంది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చగా పుట్టే బొగ్గుపులుసు వాయువు పైన దుప్పటిలాగా పరుచుకుని ఆ వేడిని సాంతం పోనివ్వదు. ఇది ప్రపంచమంతటికీ వచ్చిన కష్టం.

దానికి తోడు మన ఊరి సొంత సంపాదన ఒకటి ఉంది. బెంజ్ సర్కిల్‌నే చూడండి. మద్రాసు నుంచి కలకత్తా పోయే రహదారీ, హైదరాబాదు నుంచి మచిలీపట్నం పోయే రహదారీ ఇక్కడే కలుస్తాయి. రాత్రనక పగలనక లారీలూ, బస్సులూ. పైన రెండు ఫ్లైఓవర్లు. చుట్టూ మావంటి అపార్టుమెంట్లు. సిమెంటూ, తారూ పగలంతా ఎండ తాగి రాత్రి పది దాటినా సెగ కక్కుతూనే ఉంటాయి. ఏ.సీ. పెట్టుకున్న ప్రతి ఇల్లూ లోపలి వేడిని వీధిలోకి నెడుతుంది. మన గది చల్లబడితే ఎదురింటి కిటికీ వేడెక్కుతుంది. నమ్మకం లేకపోతే జనవరిలో ఒక రాత్రి బస్సెక్కి ఉయ్యూరు వైపు వెళ్ళిరండి. కంకిపాడు దాటి పొలాలు రాగానే కిటికీ మూసి కొంగు కప్పుకుంటారు. తిరుగు ప్రయాణంలో కానూరు వచ్చేసరికి అదే కిటికీ తెరుస్తారు. ప్రపంచం వేడెక్కడం రెండుచోట్లా ఒకటే. నడుమ తేడా మాత్రం ఊరిది.

"చలి తగ్గితే మంచిదేగా, దుప్పట్ల ఖర్చు కలిసొస్తుంది" అన్నారొకావిడ. అలా అనుకోకండి. మామిడి చెట్టుకు చలికాలపు రాత్రులు చల్లగా ఉంటేనే పూత. రాత్రి వేడెక్కితే పూత రావలసిన కొమ్మ చిగురు వేసి ఊరుకుంటుంది. నూజివీడు రసాలు మన ఇంటికి బుట్టలో వస్తాయా, కాగితపు సంచిలో లెక్కపెట్టి తెచ్చుకోవాలా అన్నది ఆ రాత్రులే తేలుస్తాయి. మన గారెలకూ, ఇడ్లీలకూ ఆధారమైన మాగాణి మినుము ఉంది చూశారా, వరి కోతకు ముందే చేలో చల్లితే, నేలలో మిగిలిన తడితోనూ, చలికాలపు మంచుతోనూ పండే పైరు అది. ఇక దోమల సంగతి వేరే చెప్పనక్కరలేదు. వాటికి సెలవులన్నవే లేకుండా పోయాయి. అన్నింటికన్నా ముఖ్యం మనిషి నిద్ర. పగటి వేడికి అలిసిన శరీరం రాత్రి చల్లదనంలో తేరుకోవాలి. పెద్దవాళ్ళకు, గుండెజబ్బు ఉన్నవాళ్ళకు అది మరీ అవసరం. కనుక ఊరు మారదామనే మాటను నేను తేలిగ్గా కొట్టివేయను.

ఊరు మారడం మన కృష్ణాజిల్లావాళ్ళకు కొత్త కూడా కాదు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక బోధన్, వర్ని ప్రాంతాలకూ, 1953లో తుంగభద్ర డ్యాము పూర్తయ్యాక సింధనూరు, గంగావతి వైపుకూ డెల్టా రైతులు సంసారాలతో తరలిపోయారు. అక్కడ వాళ్ళు వేసుకున్న పల్లెల పేర్ల చివర ఇప్పటికీ క్యాంపు అనే ఉంటుంది. వాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళింది భూమినీ, నీటినీ. నీళ్ళుంటే ఎండను ఎలాగో భరించవచ్చునన్నది వాళ్ళ లెక్క. చల్లదనం వెతుక్కుంటూ వెళ్ళింది దొరలు. ఏటా వేసవి రాగానే మద్రాసు ప్రభుత్వం ఫైళ్ళతో సహా ఊటీ కొండెక్కేది. కింద ఉన్నవాళ్ళు కిందనే ఉండేవారు.

సరే, ఇప్పుడు మనం పోదామంటే ఎక్కడికి? బెంగుళూరు మన ఊరికన్నా ఎత్తు మీద ఉంది, చల్లనిదే, కాదనను. కాని 2024 ఏప్రిల్‌లో అక్కడా 38 డిగ్రీలు దాటింది. ఆ ఏడు వేసవికి ముందే వేలకొద్దీ బోర్లు ఎండిపోయి, టాంకరు కోసం బిందెలతో, బకెట్లతో ఎదురుచూశారు. ఊటీలోనే ఆ నెలలో 29 డిగ్రీలు వచ్చింది. అరకు, లంబసింగి వైపు అసలైన చలి ఉంది. అయితే మన్యంలో భూమిని గిరిజనేతరులు కొనడానికి 1970 నాటి 1/70 చట్టం ఒప్పుకోదు. అది గిరిజనులకు రక్షణ, ఉండవలసిందే. అద్దెకుందామన్నా, అర్ధరాత్రి గుండెల్లో నొప్పి వస్తే విశాఖపట్నం పెద్దాసుపత్రికి చేరడానికి ఘాటురోడ్డు మీదుగా వంద కిలోమీటర్లకు పైన ప్రయాణించాలి. అమెరికాలో పిల్లల దగ్గరకు పోతామనేవాళ్ళూ ఉన్నారు. మనవాళ్ళు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో ఎండలు మనవాటికి తీసిపోవు. 2021 ఫిబ్రవరిలో మంచు ముంచుకొచ్చి, లక్షలాది ఇళ్ళకు కరెంటు పోయి జనం వణికిపోయిందీ అక్కడే. భూమి అంతటా వేడెక్కుతుంటే, చల్లని ఊరన్నది కూడా ఒకచోట నిలబడి మనకోసం కాచుకుని ఉండదు.

మరో సంగతి. వెళ్ళగలిగినవాళ్ళు ఎందరు? మా ఇంట్లో పనిచేసే అమ్మాయి ఈ మాటలన్నీ విని, అంట్లు తోముతూనే అడిగింది. "మీరంటే ఫ్లాటు అమ్ముకుని పోతారండి అమ్మగారూ. మా రేకుల ఇల్లు ఎవరు కొంటారండి?" 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాలు రెండింటిలో కలిపి రెండువేల మందికి పైగా పోయారు. వాళ్ళలో చాలామంది ఎండలో పనిచేసే కూలీలూ, వృద్ధులూ. ఊరు మారదామా అని కూర్చుని మాట్లాడుకునే తీరిక కూడా వాళ్ళకు లేదు.

ఇంతకూ మేము ఏం చేశామంటారా? ఊరు మార్చే ముందు గది మార్చి చూశాం. మాది పై అంతస్తు. అత్తయ్యగారి గది పడమటి వైపు. నెత్తిన శ్లాబు, పక్కన సాయంకాలం దాకా ఎండకాగే గోడ. మావారు రెండు ధర్మామీటర్లు తెచ్చి ఒకటి ఆ గదిలో, ఒకటి తూర్పు గదిలో పెట్టారు. రాత్రి తొమ్మిది గంటలకు రెండింటికీ రెండు డిగ్రీలకు పైగా తేడా కనబడింది. ఆ రాత్రే అత్తయ్యగారి మంచం తూర్పు గదిలోకి మార్చాం. అసోసియేషనువారిని ఒప్పించి డాబా మీద తెల్లగా సున్నం వేయించాం. పడమటి కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టాం. తెల్లవారుజామున కిటికీలన్నీ తెరిచి, ఎండెక్కకముందే మూసి తెరలు దించుతాం. అత్తయ్యగారు ఇప్పుడు నాలుగింటిదాకా పడుకుంటున్నారు. పూర్వపు చలి తిరిగి వచ్చిందని చెప్పను. నిద్ర మాత్రం వచ్చింది.

ఇది మా ఒక్కరి చాదస్తం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో ఇళ్ళ కప్పులు చల్లగా ఉంచడానికంటూ ప్రత్యేకంగా ఒక విధానమే ప్రకటించింది. అహమ్మదాబాదు నగరపాలకులు 2013లోనే వడగాడ్పులను ఎదుర్కొనే ప్రణాళిక తయారుచేసుకున్నారు. మన నగరంలోనూ ఏలూరు, బందరు, రైవస్ కాలువలు మూడూ ఉన్నాయి. వాటి గట్లమీద చెట్లు నిలబెట్టమని, పేదల రేకుల ఇళ్ళకు కూడా తెల్లరంగు వేయించమని వార్డులో మనం అడగవచ్చు. అపార్టుమెంటులో పార్కింగుకు పలకలు పరిచేముందు రెండు చెట్లకు చోటు వదలమని పట్టుబట్టవచ్చు. పది వాటాల్లో ఇల్లాళ్ళు ఒక మాట మీద ఉంటే ఏ అసోసియేషను కాదంటుంది?

అయినా వెళ్ళక తప్పనివాళ్ళు ఉంటారు. డాక్టరు చెప్పారనుకోండి, సంకోచించకండి, వెళ్ళండి. కాని ఇల్లు అమ్మకముందు అక్కడ అద్దెకు తీసుకుని ఒక వేసవీ, ఒక చలికాలమూ గడిపి చూడండి. ఏప్రిల్ నెలలో నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయో అడగండి. ఆసుపత్రి ఎంత దూరమో, పలకరించే నాలుగు గుమ్మాలు ఉన్నాయో లేదో చూసుకోండి. ఊళ్ళోనే ఇల్లు మారదలుచుకుంటే పై అంతస్తు, పడమటి గోడ వద్దనండి. అలాగని పల్లంలో నేలమీది వాటాకూ తొందరపడకండి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌వాళ్ళు పడ్డ పాట్లు మనం చూశాం.

మా ఫ్లాటు అమ్మకం మాట ప్రస్తుతానికి ఆగింది. అత్తయ్యగారి ఆరోగ్యాన్ని బట్టి మళ్ళీ ఆలోచిస్తాం. ఈలోగా డాబాకు సున్నం వేసే పని మీరెవరైనా తలపెట్టితే మాత్రం ఉగాదిదాకా ఆగవద్దు. ఫిబ్రవరిలోనే ఎండలు మొదలవుతున్నాయి మరి!