హఠాత్తుగా చెవుడు వస్తే – సూది వైద్యం ఎంతవరకు?

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను ఉర్దూ మీడియం పంతులును. నా తెలుగులో తప్పులుంటే మన్నించగలరు. నేను డాక్టరును కాను, హకీమును కాను, ఒక చెవి పోగొట్టుకున్న మనిషిని మాత్రమే. ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు అడిగితే అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

కొన్నేళ్ళ కిందట ఒకనాడు తెల్లవారి లేచేసరికి నా ఎడమ చెవి దిబ్బడ వేసినట్లున్నది. లోపల ఈల వేసినట్లు ఒకటే మోత. మా ఇంటావిడ వెనుక నుండి పిలిచి పిలిచి, "కిత్తీ బార్ బులానా జీ, సున్తేచ్ నై!" అని కోప్పడ్డది. ఎన్నిసార్లు పిలవాలి, వినిపించుకోనే వినిపించుకోరు అని. బడిలో ఎడమ పక్క పిల్లలు పాఠం అప్పజెబుతుంటే పెదవులు కదలడమే కనిపించింది.

నొప్పి లేదు, చీము లేదు. జలుబు చేసి ఉంటుందనుకున్నాను. మా అమ్మీ వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది. తరువాత ఒక మిత్రుడు చైనా సూదుల వైద్యం సంగతి చెబితే అక్కడికి పోయినాను. పది రోజులు సూదులు, వాటితో పాటు ఏవో మూలికల పొడులు. చెవి డాక్టరుకు చూపించావా అని ఆయన అడగలేదు, నేనూ ఆ ఆలోచన చేయలేదు. చివరకు చెవి డాక్టరు దగ్గరకు చేరేసరికి నెలన్నర దాటింది. వినికిడి పరీక్ష చేసి, "మాస్టారూ, మొదటి వారంలో వస్తే ప్రయత్నించి చూసేవాళ్ళం కదా" అన్నారు. ఆ మాట ఇప్పటికీ నా మంచి చెవిలో మోగుతూనే ఉన్నది.

ఇంతకూ ఈ జబ్బు ఏమిటి? మూడు రోజుల లోపల, ఎక్కువగా ఒకే చెవికి, వినికిడి బాగా పడిపోవడం. లోపలి చెవిలో నత్తగుల్ల వంటి భాగమున్నది. అందులోని సున్నితమైన కణాలు శబ్దాన్ని నరానికి అందిస్తాయి. ఆ భాగానికి రక్తం తెచ్చే నాళం చాలా సన్ననిది, వేరే దారి లేదు. వాగు మీద ఒకే వంతెన ఉన్న ఊరి వంటిది. రక్తం ఆగిందో, వైరస్ సోకిందో, పదిమందిలో తొమ్మిదిమందికి కారణం తేలదు.

గుబిలి అడ్డుపడిందా, నరమే దెబ్బతిన్నదా అన్నది తెలుసుకోవడానికి ఒక సూచన ఉన్నది. ఇక్కడే చేసి చూడండి. ఒక చెవి వేలితో మూసుకుని "ఊఁ" అనండి. మోత మూసిన చెవిలోనే ఎక్కువగా వినబడుతుంది కదా? గుబిలి అడ్డమున్నా అంతే. అట్లాగాక, వేలు పెట్టకుండా "ఊఁ" అన్నప్పుడు మోత మంచి చెవి వైపుకే పోతే, లోపలి నరం సంగతేమోనని అనుమానించాలి. డాక్టర్లు శృతిదండంతో చేసే పరీక్ష కూడా ఈ సూత్రం మీదనే. ఇది సూచన మాత్రమే. మోత ఎటు పోయినా డాక్టరుకు చూపించుకోవలసిందే.

ఇక సూది వైద్యం. దీనిని ఎగతాళి చేయడానికి నేను రాలేదు. 1938లో మన దేశం నుండి అయిదుగురు డాక్టర్లు చైనాకు సేవ చేయడానికి వెళ్ళారు. వారిలో డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో అక్కడే కన్నుమూశారు. ఖ్వాజా అహ్మద్ అబ్బాస్ రాసిన ఆయన కథను శాంతారాం 1946లో సినిమా తీశారు, పెద్దలకు గుర్తుండే ఉంటుంది. ఆ బృందంలోని డాక్టర్ బిజయ్ కుమార్ బసుయే తరువాత చైనాలో ఈ విద్య నేర్చి కలకత్తాలో మొదలుపెట్టారు. 2019లో కేంద్ర ప్రభుత్వం కూడా ఈ పద్ధతికి గుర్తింపునిచ్చింది.

చెవి ముందర ఒక చోట సూది గుచ్చుతారు. ఆ చోటికి చైనావారు పెట్టిన పేరుకు అర్థం "వినికిడి మహలు". చేతి మీద, చెవి వెనుక కూడా గుచ్చుతారు. వారి శాస్త్రంలో చెవికీ మూత్రపిండాలకూ సంబంధం చెబుతారు. దీని మీద చైనాలో పరిశోధనలు చాలానే జరిగినవి. మందులతో పాటు సూదులు కూడా వేస్తే కొంత ఎక్కువ మేలని కొన్ని చెబుతున్నవి. కాని వాటిలో ఎక్కువ భాగం చిన్నవి, పకడ్బందీగా జరిగినవి కావు. పైగా మూడో వంతు నుండి మూడింట రెండు వంతుల మందికి ఎంతో కొంత వినికిడి తనంతట తానే తిరిగి వస్తుంది. అప్పుడు ఆ పేరు ఎవరికి పోతుంది? సూదికి, పొడికి, నూనెకు, ఎవరు చివర ముట్టుకుంటే వారికి!

మూలికల సంగతి కూడా వినండి. చైనాలో గింకో ఆకు, కుడ్జు తీగ వేరు వాడతారు. రక్తం పలుచబడే మందులు వాడేవారికి గింకో ప్రమాదం. మన అడవిలో ఈశ్వరి తీగ ఉన్నది కదా, ఆ జాతి మూలిక కలిసిన చైనా మందులు వాడి 1990ల తొలినాళ్ళలో బెల్జియంలో ఎందరో ఆడవాళ్ళ మూత్రపిండాలు చెడిపోయినవి. ఆకు కాబట్టి హాని లేదనుకోవడం పొరపాటు.

మరి ఏం చేయాలి? అదే రోజు, లేదా మరునాడు, చెవి డాక్టరు దగ్గరకు పోవాలి. వినికిడి పరీక్ష చేసి, అవసరమైతే స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు, లేదా చెవి లోపలికి సూదిమందు వేస్తారు. ఈ వైద్యం రెండు వారాల లోపల మొదలుపెడితేనే మేలు జరిగే అవకాశం ఎక్కువ. ఇది కూడా అందరికీ పనిచేయదు, నిజం చెప్పాలి. ఆలస్యమైనా కొందరికి సూదిమందుతో ప్రయత్నిస్తారు కాబట్టి ఆశ వదలకూడదు. షుగరు ఉన్నవారు ముందే చెప్పాలి, స్టెరాయిడ్ వల్ల షుగరు పెరుగుతుంది. నరం మీద గడ్డ ఉందేమో తెలియడానికి స్కానింగు రాస్తే మానవద్దు. పెద్ద వైద్యం కావలసివస్తే హైదరాబాదు కోఠీలో ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి ఉన్నది. ఇవన్నీ అయిన తరువాత, డాక్టరుకు చెప్పి, తెలిసినవారి చేత, కొత్త సూదులతో ఆక్యుపంచర్ చేయించుకుంటే నేను కాదనను. దాని కోసం మొదటి రోజులు పోగొట్టుకోవద్దన్నదే నా మనవి.

ఇంకొక్క మాట. మగవాడికి వినబడకపోతే జబ్బంటాం, ఆడవాళ్ళకు వినబడకపోతే పరధ్యానమంటాం. మా ఇంటావిడ నన్ను కోప్పడ్డది కాబట్టే నాకు తెలిసింది. ఇంట్లో తల్లి, కోడలు, బిడ్డ ఒక్కసారిగా "ఆఁ? ఏమిటీ?" అనడం మొదలుపెడితే విసుక్కోకండి, బస్సు ఎక్కించండి. దారిఖర్చు లేని వారికి, తోడు లేని ఆడవారికి సంఘం సాయపడే ఏర్పాటు చేయాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. దువా చేద్దాం, దవా కూడా వేళకు వేద్దాం.

సమావేశాలలో నా ఎడమ పక్కన కూర్చుని పలకరించి, నేను పలకలేదని నొచ్చుకున్నవారు ఎవరైనా ఉంటే, ఇకమీదట దయచేసి కుడిపక్కన కూర్చోండి. అందరికీ ఖుదా హాఫిజ్.