భూమి వేడికి జమాఖర్చులు

(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



పుష్య మాసంలో ఆకాశము నిర్మలంగా ఉన్న రాత్రి, తెల్లవారేసరికి గడ్డి మీద మంచు దట్టంగా పడి ఉంటుంది. చలి వణికిస్తుంది. అదే మాసంలో మబ్బు కమ్మిన రాత్రి మంచు పడదు, చలి కూడ అంతగా ఉండదు. ఇది మీరందరు ఎరిగినదే. మబ్బులో నిప్పు లేదు గదా, మరి ఆ వెచ్చదనము ఎక్కడిది? దీనికి జవాబు తెలిస్తే భూమి శీతోష్ణస్థితి సంగతి సగము తెలిసినట్లే.

భూమికి వేడి సూర్యుని నుండి జమ అవుతున్నది. వచ్చిన ఎండలో నూటికి సుమారు 30 పాళ్లు మేఘాలకు, ధ్రువాల మంచుకు, ఇసుక నేలలకు తగిలి వెనుకకు మరలిపోతుంది. మిగిలిన 70 పాళ్లను నేల, సముద్రము, గాలి పీల్చుకొంటాయి. అలా వేడెక్కిన భూమి, కంటికి కనబడని వేడి కిరణాలను రాత్రింబగళ్లు పైకి పంపుతూనే ఉంటుంది. ఇది ఖర్చు. జమ, ఖర్చు సమానమైన చోట ఉష్ణోగ్రత నిలుస్తుంది.

అయితే ఆ కిరణాలన్నీ తిన్నగా బయటపడవు. గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు వాటిని పట్టి, కొంత వేడిని తిరిగి నేలకు పంపుతాయి. మబ్బు చేసే పని కూడ ఇదే. కంబళి తానుగా వేడి పుట్టించదు. ఒంటి వేడిని పోనీయదు. గాలి అనే ఈ కంబళి లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువన 18 సెంటీగ్రేడు డిగ్రీలు ఉండేది. ఉన్నందువల్ల సుమారు 15 డిగ్రీలుగా ఉన్నది. మన పైరుపచ్చలన్నీ దాని చలవే.

కంబళి మంచిదే, దాని మందము పెరగడమే చిక్కు. 1958లో హవాయి దీవిలోని మౌనా లోవా కొండపై కొలవడం మొదలుపెట్టినప్పుడు, గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లు బొగ్గుపులుసు వాయువు ఉండేది. నేడది 420 పాళ్లు దాటినది. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చడం, అడవులు నరకడం ఇందుకు ముఖ్య కారణాలు. జమ తగ్గలేదు, ఖర్చుకు అడ్డు వచ్చినది. అలా నిలువ పడిన వేడిలో నూటికి 90 పాళ్ల వరకు సముద్రంలో చేరుతున్నది. 19వ శతాబ్దపు రెండవ సగంతో పోలిస్తే భూమి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి మించి పెరిగినది.

ఒక డిగ్రీయే గదా అని తీసివేయరాదు. వరి పైరు పగలు తయారుచేసుకొన్న పిండిపదార్థంలో కొంత రాత్రి శ్వాసకు ఖర్చవుతుంది. రాత్రి వేడి పెరిగిన కొద్దీ ఈ ఖర్చు పెరిగి, గింజకు చేరేది తగ్గుతుంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ క్షేత్రపు ఫలితాలు 2004లో వెలువడినాయి. వాటి ప్రకారము, ఎండకాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే దిగుబడి నూటికి 10 పాళ్లు తగ్గినది. అది ఆ క్షేత్రపు లెక్కయే అయినా, మన దాళ్వా వరికి హెచ్చరిక. పైగా పూత సమయంలో పగటి వేడి 35 డిగ్రీలు దాటితే తాలు గింజలు ఎక్కువవుతాయి.

భూమి జమాఖర్చును ఒక్క రైతు సరిదిద్దలేడు. తన పొలంలో మాత్రము కొంత చేయగలడు.

దాళ్వా నారు ఆలస్యము చేయక, పూత ముదురు ఎండలలో పడకుండ చూడవలెను. కూరగాయ తోటలలో, పండ్ల చెట్ల పాదులలో ఎండుగడ్డి పరచిన యెడల నేల కాగదు, తేమ నిలుస్తుంది. చౌడు నేలలలో తప్ప, వరి నాటు కుదురుకొన్న తరువాత నీరు ఇంకనిచ్చి మరల పెట్టవచ్చును. పూత దశలో మాత్రము మడి ఆరరాదు. దీనివల్ల నీరు ఆదా అవుతుంది. నిలువ నీటి మడిలో పుట్టే మీథేన్ వాయువు తగ్గుతుంది. అదికూడ ఆ కంబళిని మందము చేసేదే.

చివరి మాట. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతలు చూపే ఉష్ణమాపకమును గ్రామానికి ఒకటైనా నీడపట్టున ఉంచి, రోజూ చూసి వ్రాసుకొనండి. ఇంటి జమాఖర్చులు వ్రాసే పుస్తకంలోనే దీనికి నాలుగు పుటలు విడిచిపెట్టండి. దిగుబడి తగ్గిన ఏడు, తెగులు వల్లనా, ఎరువు చాలకనా, రాత్రి వేడి వల్లనా అని తేల్చుకొనడానికి ఆ పుటలు పనికివస్తాయి.