ప్రొస్టేట్ ఇంజెక్షన్ వేయించుకున్నాక

ప్రొస్టేట్ క్యాన్సర్‌ పెరగడానికి మగ హార్మోన్ టెస్టోస్టిరాన్ తోడ్పడుతుందని 1941లో డాక్టర్ చార్లెస్ హగ్గిన్స్ చూపించారు. ఆ హార్మోన్‌ను అణచడానికే ల్యూప్రొలైడ్ ఇంజెక్షన్ నెలకో, మూడు నెలలకో ఇస్తారు. అయితే మొదటి ఇంజెక్షన్ తర్వాత వారం పది రోజులు హార్మోన్ తగ్గకపోగా పెరుగుతుంది. ఆ ఉధృతిని అడ్డుకోవడానికే బైకాలుటమైడ్ మాత్రలు రాస్తారు, అవి తప్పకుండా వేసుకోండి. ఆ రోజుల్లో కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

తర్వాత ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నీరసం, దిగులు రావచ్చు, లైంగిక కోరిక తగ్గుతుంది. చాలామంది మగవాళ్లు ఈ ఇబ్బందులు భార్యకు కూడా చెప్పరు. దయచేసి డాక్టరుకైనా చెప్పండి, ఉపశమనానికి మందులున్నాయి. ఎముకలు మాత్రం చప్పుడు లేకుండా గుల్లబారతాయి. అందుకే ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ చేయించుకోండి. ఇంజెక్షన్ ప్రభావం వీటి మీదా ఉండొచ్చు కాబట్టి షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ పరీక్షలూ చేయించుకోండి. ప్రొస్టేట్ రక్తపరీక్షలో పీఎస్‌ఏ తగ్గిందని ఇంజెక్షన్ మీ అంతట మీరు ఆపకండి.