నల్లా నీళ్ళు – మన సంపు



2004లో మన నగరానికి కృష్ణా నీరు వచ్చింది. నల్లగొండ జిల్లా కోదండాపూర్‌లో ఆ నీటికి పటిక కలుపుతారు. మట్టి అడుగుకు దిగుతుంది. తేరిన నీటిని ఇసుకలో వడగట్టి క్లోరిన్ వేస్తారు. మన పెద్దలు బిందెలో పటిక తిప్పినదీ ఇందుకే గదా!

దిల్‌సుఖ్‌నగర్‌లోనైనా ఎల్.బి.నగర్‌లోనైనా నల్లా నీళ్ళు మందు వాసన వస్తే ముఖం చిట్లిస్తాం. ఆ వాసనే మనకు కాపలా. చివరి నల్లాలో సైతం లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని ప్రమాణం. సంపులో బురద పేరుకుంటే ఆ కాస్తా దానికే ఖర్చయిపోతుంది.

మేము పనిచేసే బడిలో పిల్లలకు కామెర్లు వచ్చినప్పుడు ముందు నల్లానే తిట్టాం. తీరా చూస్తే మా సంపు మూతే పగిలి ఉంది. అందుకే చెబుతున్నాం: ఇంటికెళ్ళగానే మూత తీసి చూడండి. సంపు కడిగేదాకా నీళ్ళు కాచి తాగండి. సెలవు.